గూటిలో పిలువని చుట్టములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గూడు అను మాట తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. సాయంకాలమున ఇల్లు చేరుటను గూటికి చేరుట అందురు. దీపము పెట్టుటకై గోడలో విడిచిన చోటును గూడు అనియే పిలుతురు. ఈ మాటలన్నింటిలోను గూడనగా క్షేమమైన చోటు అను భావమే కలదు. కాని పక్షి పక్షమున నిలిచి చూచినచో గూడు అంత నిశ్చింతయైన స్థలము కాదు. గ్రుడ్డు పెట్టిన నాటినుండి పిల్ల యెగిరిపోవు నాటివరకు తల్లిపక్షి పామును, పిల్లిని, గ్రద్దను కనిపెట్టుకొని యుండవలెను. ఇవి బయటినుండి వచ్చు శత్రువులు, కంటికి కనబడును. వీనికన్న నెమ్మదిగా, లోపలనే యుండి పనిచేయు శత్రువులు వేరుగా కలవు.

పక్షి ఈకలలో పేలుండును. గూటి పుల్లల సందులలో నల్లులును, పిడుదులును, ఆవగింజకన్న చిన్నవైన మైటులు అను ఎనిమిది కాళ్ల పురుగులును దాగియుండును. కొన్ని యీగలు గూటిలో గ్రుడ్లు పెట్టగా వాని పురుగులు పక్షిపిల్లల నెత్తురు త్రాగి పెరుగును. నెత్తురులో సూక్ష్మక్రిములును, కడుపులో నులిపురుగులును ఉండవచ్చును. వీనికి తోడు ఒక్కొక్కప్పుడు వేరొక పక్షి పెట్టిపోయిన గ్రుడ్డుకూడ ఆ గూటిలోనే యుండును. ఇట్లు ఒకరి దేహమునో, ఒకరి శ్రమనో ఆధారము చేసికొని బ్రదుకు జీవులను పరాన్నజీవులందురు. పల్లెటూరి భాషలో చెప్పవలెనన్న పిలువని పేరంటమునకు వచ్చిన చుట్టములు.

పక్షి యెక్కడ గూడు కట్టును, దేనితో కట్టును, ఎన్నాళ్లు వాడును, ఎప్పుడు విడిచిపోవును అను ప్రశ్నలకు సమాధానము వెదకునపుడు ఈ చుట్టములను మరచుటకు వీలులేదు. వీనిని గూర్చి తెలిసిన గ్రామము గూటిని చూచి భయపడదు. తెలియని గ్రామము ఒక్క దురదకు వెరచి పిల్లలున్న గూటిని పెరికివేయును. కావున ఈ జ్ఞానము పండితులకు మాత్రమే కాదు. చూరు క్రింద పిచ్చుకయు, చెరువుగట్టున కొంగయు గల ప్రతి యింటివారికిని అవసరమైనది.

మొదట గిజిగాని సంగతి చూతము. తాటిమట్టలకును, ఈతచెట్లకును, ముండ్ల తుమ్మకొమ్మలకును, బావిపైకి వంగిన కొమ్మలకును గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండుట పల్లెలలో అందరును ఎరిగినదే. వరియాకును, గడ్డిని, తాటాకును సన్నని పీలికలుగా చీల్చి మగపక్షి ఆ గూటిని అల్లును. డాక్టర్ సలీం అలీ 1930లో బొంబాయి తీరమందలి కిహిం గ్రామము వద్ద ఈ పక్షులను పరిశీలించి 1931లో ఒక వ్యాసము ప్రకటించెను. మగపక్షి గూటిని సగము కట్టి నిలుపును. ఆడపక్షులు వచ్చి పరీక్షించును. ఒక ఆడుది మెచ్చి కాపురమునకు దిగిన పిమ్మటనే ఆ గూడు పూర్తియగును. తరువాత మగది వేరొక గూటికి పునాది వేసి వేరొక ఆడుదాని కొరకు ఎదురుచూచును. వడ్రంగి ఇల్లు చూపి పెండ్లి చేసికొన్నట్లున్నది ఈ వ్యవహారము.

గిజిగాడు ఏటేట క్రొత్తగూడు అల్లుకొనును. ప్రాతగూడు ఎంత గట్టిగా నున్నను దానిని తిరిగి తన సంసారమునకు వాడుకొనుట సామాన్యముగ లేదు. విడిచిన గూళ్లలో మునియాలు అను చిన్నపిట్టలు చేరుటయు కలదు. క్రొత్తగూడు కట్టుటకు శ్రమ యెక్కువ. ఆ శ్రమకు తగిన లాభమును కలదు. పోయిన సంవత్సరపు పురుగులు, వాని గ్రుడ్లు క్రొత్తయింటికి వారసత్వముగ రావు. గిజిగాడు క్రొత్తగూడు కట్టుటకు ఇదియొక్కటే కారణమని చెప్పరాదు. మెచ్చుకొనువారిని రప్పించుటకును క్రొత్తగూడు కావలెను గదా. కాని లాభము లాభమే.

ఊరపిచ్చుక పద్ధతి వేరు. చూరు, దూలపు సందు, గోడలోని రంధ్రము, పటము వెనుకటి చోటు దానికి చాలును. చోటు కుదిరినచో ఒకే సంవత్సరమున రెండు మూడు మారులు అక్కడనే పిల్లలను లేపును. ఇల్లు కట్టు శ్రమ తగ్గినది. పురుగుల బాధ పెరిగినది. మొదటి విడత పిల్లలనాడు కొద్దిగానున్న మైటులు తరువాతి విడతల నాటికి విస్తరించును. అప్పుడే పుట్టిన పిచ్చుకపిల్లకు ఈకలుండవు. ఎగిరి తప్పించుకొనలేదు, ముక్కుతో గోకికొనలేదు. పురుగులకు అంతకన్న సులభమైన భోజనము వేరేమున్నది?

ఈ సందర్భమున తెలుగు గృహిణులకు సంతోషము కలిగించు విషయమొకటి కలదు. కలకత్తా పిచ్చుకల గూళ్లను పరిశీలించిన సేన్‌గుప్త అను శాస్త్రజ్ఞుడు, ఆ పక్షులు గూటిలో వేపాకు తెచ్చి పెట్టుకొనుచున్నవని 1981లో వ్రాసెను. వేపాకు పురుగులను దూరముగ నుంచునని ఆయన అభిప్రాయము. ధాన్యపు గాదెలో వేపాకు వేయుట, పుస్తకముల నడుమ వేపాకు పెట్టుట మన పెద్దలకు తెలిసిన పనులే. పిచ్చుకకు ఈ విద్య ఎవ్వరును నేర్పలేదు. ఇతర దేశములందును ఇట్టి పరిశీలనలు జరిగినవి. అమెరికాలో స్టార్లింగు అను మన గోరువంక బంధువు కొన్ని జాతుల పచ్చియాకులనే ఏరి గూటికి తెచ్చుననియు, ఆ యాకులు పురుగుల వృద్ధిని అణచుననియు 1980 తరువాతి సంవత్సరములలో తెలిసికొనిరి. మధ్యధరా సముద్రమందలి కార్సికా ద్వీపమున టిట్ జాతి చిన్నపిట్టలు పుదీనా వంటి సువాసనగల ఆకులను గూటిలో ఉంచి, అవి యెండినకొలది క్రొత్తవి తెచ్చుచుండును.

అయితే పక్షికి తన చుట్టునున్న వస్తువులే మందులు. మెక్సికో నగరమందలి పిచ్చుకలు మనుష్యులు పారవేసిన సిగరెట్టు పీకలను చీల్చి గూటిలో పరచుకొనుచున్నవి. పొగాకు విషమున్న పీకలు ఎక్కువగా గల గూళ్లలో మైటులు తక్కువగా నున్నవని 2013లో ప్రకటించిరి. ఇది విని సంతోషింపరాదు. ఆ పీకలలోని విషమే పక్షుల రక్తకణములకు హాని చేయుచున్నట్లు తరువాతి పరీక్షలలో తేలినది. మనము చేతికందించిన చెత్త వేపాకు కాజాలదు.

పురుగులు నిజముగ అంత నష్టము చేయునా అను సందేహము కొందరికి కలుగవచ్చును. దీనికి సమాధానము అమెరికా నెబ్రాస్కా రాష్ట్రమున దొరికినది. అక్కడ వానకోవెల జాతి పిట్టలు వంతెనల క్రిందను, కొండచరియలందును వందలకొలది మట్టిగూళ్లు ప్రక్కప్రక్కనే కట్టును. ఆ గూళ్లలో మంచపు నల్లికి బంధువైన ఒక నల్లి కాపురముండును. చార్లెస్ బ్రౌన్, మేరీ బ్రౌన్ అను దంపతులు 1982లో ఆరంభించి అనేక సంవత్సరములు ఈ పక్షులను పరిశీలించిరి. కొన్ని గూళ్లకు మందుకొట్టి నల్లులను నిర్మూలించి, కొన్నింటిని ఉన్నవి ఉన్నట్లు విడిచిరి. పెద్ద సమూహములలో మందుకొట్టిన గూళ్ల పిల్లలు బరువెక్కి బ్రదికినవి. మందులేని గూళ్ల పిల్లలు చిక్కిపోయినవి, అనేకము చనిపోయినవి. నల్లులు మితిమీరినచో కొన్ని పక్షులు పిల్లలనుకూడ విడిచి వెళ్లిపోవుచుండెను. గుంపుగా నుండుటవలన శత్రువును ముందుగా చూచుటయు, మేత యెక్కడనున్నదో ఒకదానివలన నొకటి తెలిసికొనుటయు సాధ్యమగును. ఆ మేలుకు చెల్లింపవలసిన పన్ను ఈ నల్లుల బాధ. జనము హెచ్చిన ఊరిలో అంటువ్యాధి హెచ్చుట వంటిదే యిది.

పక్షులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ముక్కుతో ఈకలను ఒక్కొక్కటిగ దువ్వుకొనుట అలంకారము కొరకు మాత్రమే కాదు. ముక్కు కొన సరిగా పనిచేయని పావురములపై పేలు విపరీతముగ పెరుగుట పరీక్షలలో చూచిరి. దుమ్ములో పొర్లాడుట, ఎండలో రెక్కలు పరచి పడియుండుట కూడ శుభ్రతకు సంబంధించినవే. పెక్కు చిన్నపిట్టల పిల్లలు విసర్జించు మలము పలుచని తిత్తిలో మూటకట్టినట్లు వచ్చును. తల్లిదండ్రులు దానిని ముక్కున కరచుకొని దూరముగ పారవేయును. కూకుడుగువ్వ మార్గము విచిత్రమైనది. చెట్టుతొర్రలో గ్రుడ్లను పొదుగు ఆడుదియు, పిల్లలును తోకమొదట నున్న గ్రంథినుండి దుర్గంధపు ద్రవము నొకదానిని పుట్టించును. దానిలో నివసించు మేలుచేయు సూక్ష్మజీవులు హానికరమైన క్రిములను అణచును. ఆ కంపు చూచి దానిని అశుభ్రమైన పక్షి యనుకొందురు; అది తన విధమున శుభ్రతనే పాటించుచున్నది.

పేను విషయమున ఒక విశేషము. నల్లివలె అది గూటిలో దాగి యుండదు. పక్షి దేహముననే పుట్టి అక్కడనే చచ్చును. దేహమును విడిచినచో ఎక్కువకాలము బ్రదుకలేదు. సాధారణముగ గూటిలో తల్లి రెక్కక్రింద నుండగనే అది పిల్లకు సంక్రమించును. ఇల్లు, పొలము వలె పేనుకూడ తల్లిదండ్రుల ఆస్తియే యన్నమాట. మరి తల్లిదండ్రుల రెక్క యెరుగని పక్షిపిల్ల మాటయేమి? అట్టివి కలవు. జపానులో కోకిల వంశపు పక్షులను పరీక్షింపగా, పరుల గూటినుండి అప్పుడే వెలువడిన పిల్లలకు పేలు లేవు. పెద్దవానికి తమ జాతి పేలే కలవు. అవి పెరిగి తమవారిని కలిసికొన్న పిమ్మటనే ఆ పేలు పట్టినవి.

ఈ కోకిల కుటుంబమే పరాన్నజీవులలో వేరొక తెగ. ఇది నెత్తురు త్రాగదు, శ్రమను దొంగిలించును. కాకి గూటిలో కోకిల గ్రుడ్డు పెట్టుట మన పూర్వులు బాగుగ నెరుగుదురు. అమరకోశమున కోకిలకు పరభృతమనియు, కాకికి పరభృత్తనియు పేర్లు గలవు. ఒకటి పరులచే పోషింపబడునది. రెండవది పరులను పోషించునది. ఒక్క అక్షరపు తేడాలో కథయంతయు ఇమిడియున్నది.

కోకిల గ్రుడ్డు కాకి గ్రుడ్డుకన్న చిన్నది. రంగును, మచ్చలును మాత్రము దానిని పోలియుండును. మగకోకిల కూసి కాకులను కవ్వించి తరిమించుకొనుచుండగా ఆడుది గూటిలో పని ముగించునని పరిశీలకులు వ్రాసిరి. కోకిల గ్రుడ్డు కాకి గ్రుడ్లకన్న రెండు మూడు దినములు ముందుగ పొదుగబడును. ముందుగ పుట్టిన పిల్లకు మేతయు ముందుగ దొరకును. అయినను అది కాకిపిల్లలను బయటకు త్రోసివేయదు, వానితోపాటే పెరుగును. కావున కాకి తన సంతానమును అంతయు కోల్పోవునని చెప్పరాదు.

వానకాలమున వినవచ్చు చాతకపక్షియు ఈ తెగదే. నేలపై గుంపులుగ తిరుగుచు ఎప్పుడును కలకల లాడుచుండు బూడిదరంగు సిదాపిట్టల గూళ్లను అది ఆశ్రయించును. సిదాపిట్ట గ్రుడ్డు ఆకాశమువలె నీలము. చాతకపు గ్రుడ్డును నీలమే. ఇంగ్లండు కోకిలపిల్ల మాత్రము కఠినమైనది. కండ్లు తెరువకముందే గూటిలోని తక్కిన గ్రుడ్లను, పిల్లలను వీపుపై కెత్తుకొని అంచుమీదుగా బయటకు నెట్టును. వీపున అందులకు తగిన గుంట యుండి, పండ్రెండు దినములనాటికి పూడిపోవును. ఈ సంగతిని 1788లో వెల్లడించినవాడు ఎడ్వర్డు జెన్నరు. మశూచికి టీకా కనిపెట్టి లోకమునకు మహోపకారము చేసిన వైద్యుడీయనయే. పొలము గట్టున పక్షిగూటిని ఓపికతో చూచిన కన్నే పిమ్మట పాలుపిదుకు స్త్రీల చేతులమీది పొక్కులనుకూడ చూచినది.

కోకిలను దొంగయని నిందించుటకు ముందు ఒక్కమాట. కోకిలకు గూడు కట్టు విద్య లేదు. కాకి గూళ్లు లేకున్న వసంతమున కోకిల పాటయు లేదు. కాకిని అసహ్యించుకొని కోకిలను మెచ్చువారు ఆ పాటకు పాలుపోసినది కాకియేనని గుర్తుంచుకొనవలెను.

ఇక కంటికి కనబడని చుట్టముల సంగతి. ఈ కథలో తెలుగునేలకు గొప్ప పాత్ర కలదు. డాక్టర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదున, చలిజ్వరపు రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమియొక్క రూపమును మొదటిసారి చూచెను. బేగంపేటలో ఆయన పరిశోధన జరిపిన భవనము ఆయన పేరున నిలిచియున్నది. కాని అప్పటికి సగము కథయే తెలిసినది. ఆ క్రిమి దోమనుండి తిరిగి మనుష్యుని యెట్లు చేరును? 1898లో ఆయన కలకత్తాకు మారెను. అక్కడ తగిన రోగులు దొరకుట కష్టమైనందున పక్షులవైపు తిరిగెను. పిచ్చుకలకును మలేరియా కలదు. ఆ జ్వరమున్న పిచ్చుకలను దోమలచే కుట్టించి, ఆ దోమలను కోసి చూచుచు, క్రిములు దోమయొక్క లాలాజల గ్రంథిని చేరుట కనుగొనెను. ఆ దోమలచే ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టింపగా వానికిని జ్వరక్రిములు పట్టినవి. కుట్టుటవలననే మలేరియా వ్యాపించునని ఇట్లు స్థిరపడినది. ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ సంవత్సరముననే మనుష్యుల మలేరియాకు అనాఫిలిస్ దోమ వాహకమని చూపిరి. రాసుకు 1902లో నోబెలు బహుమానము లభించెను.

ఇచ్చట ఒక భయమును తొలగింపవలెను. పిచ్చుక మలేరియా క్రిమి వేరు, మనుష్యుని మలేరియా క్రిమి వేరు. పిచ్చుకవలన ఎవ్వరికిని చలిజ్వరము రాదు. పైగా కోట్లకొలది జనులను కాపాడిన జ్ఞానము ఆ చిన్నపక్షి నెత్తుటినుండి వచ్చినది. మానవజాతి పిచ్చుకకు ఋణపడియున్నది.

పరాన్నజీవి తన యజమానిని చంపుటకే పుట్టినదని అనుకొనరాదు. ఇల్లు కాలినచో ఎలుకకును నిలువనీడ లేదు. వేల సంవత్సరములు కలిసి బ్రదికిన చోట పక్షియు పురుగును ఒకవిధమైన రాజీకి వచ్చియుండును. క్రొత్త పరాన్నజీవి, దానిని ఎన్నడును ఎరుగని పక్షులమీద పడినపుడే ప్రళయము. పసిఫిక్ సముద్రమందలి హవాయి దీవులలో పూర్వము దోమలు లేవు. 1826లో ఒక ఓడ నీటిపీపాలనుండి అవి దిగినవని చెప్పుదురు. తరువాత పరదేశపు పక్షులతో పక్షిమలేరియాయు చేరినది. ఆ దీవుల సొంతమైన అందమైన పిట్టలు అనేక జాతులు నశించినవి. మిగిలినవి దోమలు బ్రదుకలేని చల్లని కొండకొమ్ములకు చేరుకొన్నవి. భూమి వేడెక్కినకొలది దోమలును కొండలెక్కుచున్నవి.

డార్విను 1835లో దర్శించిన గాలపాగస్ దీవులలో ఇట్టిదే వేరొక బాధ. బయటినుండి చేరిన ఒక యీగ అక్కడి ఫించ్ పిట్టల గూళ్లలో గ్రుడ్లు పెట్టును. దాని పురుగులు రాత్రివేళ పిల్లల నెత్తురు త్రాగును. 1997లో ఈ పురుగులు గూళ్లలో ఉన్నట్లు కనుగొనిరి. శాస్త్రజ్ఞులు చేసిన ఉపాయము పత్తిరైతులకు నచ్చగలదు. పర్మెత్రిన్ అను పురుగుమందు కొద్దిగ పట్టించిన దూదిని బుట్టలలో చెట్లకు కట్టిరి. పక్షులు దానిని మెత్తని పరుపుకొరకు స్వయముగ తీసికొనిపోయి గూటిలో కూర్చుకొన్నవి. ఒక గ్రాము దూది చేరిన గూళ్లలో పురుగులు దాదాపు లేకుండ పోయినవి. ఈ ఫలితము 2014లో ప్రకటింపబడినది.

దూరదేశముల మాట చాలించి మన గ్రామములకు వత్తము. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురము, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు గూడబాతులకును, కొంగలకును పుట్టినిండ్లు. పెక్కుచోట్ల ప్రజలు వీనిని సైబీరియా పక్షులందురు. అది పొరపాటు. గూడు కట్టుకొను గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును మన దేశపు పక్షులే. వానలను, చేపలను అనుసరించి చోటు మారుచుండును. సైబీరియానుండి వచ్చునవి శీతకాలము గడపుటకు వచ్చును గాని ఇక్కడ గూడు కట్టవు. కూతురు పురిటికి వచ్చినట్లు ఏటేట వచ్చు ఈ పక్షులను ఆ గ్రామస్థులు శుభసూచకముగ నెంచి కాపాడుచున్నారు. నేలపట్టు చెరువునీటిలో పక్షుల రెట్ట కలియుటచే ఆ నీరు పైరునకు బలమని రైతులు చెప్పుదురు.

2021–22 శీతకాలమున తేలినీలాపురమున గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయి చెట్లనుండి రాలిపడినవి. పరీక్షింపగా వాని కడుపులలో నులిపురుగులు విస్తారముగ నున్నవి. కర్ణాటకములోని కొక్కరె బెళ్లూరు గ్రామమున 2017–18లోను గూడబాతులకు ఇట్టి ఆపదయే కలిగెను. ఈ జాతి నులిపురుగు మార్గము చూడదగినది. పక్షి రెట్టతో దాని గ్రుడ్లు నీటిలో పడును. నీటిలోని సూక్ష్మమైన పురుగులు వానిని మ్రింగును. ఆ పురుగులను చేప మ్రింగును. చేపను గూడబాతు మ్రింగును. కొన్ని పురుగులున్నచో పక్షి సహించును. గుంపులుగ చేరినచో కడుపు పుండ్లుపడి చిక్కి చచ్చును. గూడబాతు ఎంచుకొన్న గూడు మంచిదే. ఊరివారి ఆదరము మంచిదే. దోషము నీటిలోను, మేతలోను ఉన్నది. చుట్టుప్రక్కల చేపలచెరువుల నీరు చెడినచో ఊరి చింతచెట్టుపైనున్న పక్షికి చావు వచ్చును. పక్షిని కాపాడుట యనగా చెట్టును కాపాడుట మాత్రమే కాదు, చెరువును కాపాడుటయు.

ఈ తెలిసికొన్నదానినుండి గ్రామస్థులు ఆచరింపదగినవి కొన్ని కలవు.

ఇంటి చూరున పిచ్చుకయో, వసారాలో పావురమో గూడు పెట్టినచో పిల్లలుండగా తీయరాదు. పిచ్చుక గ్రుడ్డు పెట్టిన నాటినుండి పిల్ల యెగురుటకు ఇంచుమించు నెలదినములే. పిల్లలు ఎగిరిపోయిన వెంటనే మాత్రము ఖాళీగూటిని తీసి దూరముగ కాల్చివేయుట మంచిది. ఆకలిగొన్న మైటులు పక్షులు లేని గూటిని విడిచి ఇంటిలోనికి ప్రాకి మనుష్యులను కరచి దురద పుట్టించుట ఆ సమయముననే జరుగును. అవి మనుష్యుని దేహమున కాపురముండలేవు. కావున భయపడవలసిన పనిలేదు. గూడు తీసినవారు ముక్కునకు గుడ్డ కట్టుకొని, పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

గూటిపై పురుగుమందు చల్లరాదు. పెద్ద పిచ్చుక గింజలు తినును గాని పిల్లలకు పెట్టునది పురుగులనే. మందు పురుగును, పిల్లను కలిపి చంపును. గాలపాగస్ దూది పండితులు లెక్కకట్టి చేసిన ప్రయోగము. ఇంటిలో అనుకరింపదగినది కాదు. కోళ్లు పెంచువారు కోళ్లగూటిలో అడవిపక్షులు గూడు కట్టకుండ వల బిగించుకొనవలెను. గోడల పగుళ్లలో కోడిపిడుదులు చేరకుండ పూడ్చి సున్నము వేయవలెను. చెరువుగట్టున పక్షులు ఒకేసారి పెక్కు చనిపోయి కనబడినచో వట్టిచేతులతో ముట్టక, పశువైద్యునికిని అటవీశాఖకును వెంటనే తెలుపవలెను. అడవిపక్షుల గూళ్లను, గ్రుడ్లను పాడుచేయుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరమని పిల్లలకు చెప్పవలెను.

గ్రంథాలయము చేయదగిన పనియొకటి మిగిలినది. బల్లపై ఒక నోటుపుస్తకము ఉంచవలెను. ఏ పక్షి, ఏ చెట్టున, ఏ తేదీన గూడు మొదలుపెట్టినది, ఏమి తెచ్చి కట్టినది, పిల్లలు ఎన్నడు ఎగిరినవి అను నాలుగు మాటలు చూచినవారు చూచినట్లు వ్రాయవలెను. ఊహించి వ్రాయరాదు. పిచ్చుక వేపాకు తెచ్చినదో లేదో మన ఊరిలో ఎవరైనను చూచిరా? ఆ పుస్తకములో జవాబు దొరకగలదు. పది సంవత్సరముల వ్రాతలు ఒకచోట చేరినచో, గూళ్లు పెరిగినవా తరిగినవా యని వదంతిగాక లెక్కగ తెలియును. పాఠశాల బాలురకును, బాలికలకును ఇంతకన్న మంచి ప్రకృతిపాఠము లేదు. కిహిమున సలీం అలీ చేసినదియు, ఇంగ్లండు పల్లెలో జెన్నరు చేసినదియు మొదట ఇంతే. ఓపికతో చూచుట, చూచినది వ్రాయుట.

పుస్తకములకును పిలువని చుట్టములు కలవు. చెదయు, వెండిపురుగును చేరని గ్రంథాలయము లేదు. అందులకు ఎవ్వరును గ్రంథాలయమును తగులబెట్టరు. బీరువా దులిపి, ఎండబెట్టి, వేపాకు పెట్టి తిరిగి చదువుకొందురు. ఈ గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు కాపాడిన చేతులకు ఆ ఓర్పు తెలియును. అదే ఓర్పు చూరు క్రింది గూటిపట్లను చూపినచో చాలును.